గోగునార పేట బాల్యము

విజయనగరము పేరు చెప్పగానే చదువరుల మనస్సులలో మెదలునవి కోట బురుజులు, 1919లో వెలసిన సంగీత కళాశాల, ఆదిభట్ల నారాయణదాసుగారి హరికథలు, గురజాడవారి ఇల్లు, విజయదశమి వెళ్లిన మంగళవారమునాడు ఊగెడి పైడితల్లి సిరిమాను. శ్రీకాకుళమన్నంతనే అరసవిల్లి సూర్యదేవాలయము, పొందూరు ఖద్దరు. ఇవి గర్వింపదగినవే, వీనిని గూర్చి గ్రంథములు కలవు, సభలు జరుగుచున్నవి, శిలాఫలకములు నిలిచినవి. కాని ఆ కోటకు ఆమడదూరము లోపుననే, కలకత్తా–మదరాసు రైలుమార్గముపై, చంపావతీ తీరమున నున్న నెల్లిమర్లలో జూటుమిల్లు గోడల నానుకొని పెరిగిన పేటలను గూర్చిగాని, రెండవ ప్రపంచసంగ్రామము ముగిసిన కాలమున ఆ పేటలలో పెరిగిన పిల్లలు ఏమి తిని, ఏమి ఆడి, ఏ చప్పుళ్లకు మేల్కొని పెద్దవారైరో ఆ సంగతిని గూర్చిగాని మన చరిత్రకారులు వ్రాసినది బహు స్వల్పము. రాజులకు దివానులుండిరి, దివానులకు గుమాస్తాలుండిరి, గుమాస్తాలకు కలములుండెను. మిల్లు కూలివాని కొడుకు ఎట్లు పెరిగెనో లెక్క వ్రాసిన గుమాస్తా ఎవ్వడు? ఆ పిల్లలలో నేనొకడను గనుక, పెద్దలవలన విన్నదియు స్వయముగా చూచినదియు కలిపి చెప్పుటకు పూనుకొంటిని.

మిల్లుకంటె ముందు పంటను గూర్చి చెప్పవలెను. తొలకరి చినుకులకు ఉత్తరకోస్తా గరువు నేలలలో చల్లెడి గోగు వానలమీదనే నిట్టనిలువుగా పెరిగి, పూతకు వచ్చునప్పటికి నిలువెత్తు మనిషిని మించును. దాని లేతాకు పులుసుకూరకు, పచ్చడికి. దాని నార పలుపులకు, మోకులకు, మంచపు అల్లికకు. ఈ నార భీమునిపట్నము రేవున ఓడలకెక్కి సీమకు పోవుటచేత పరదేశపు వర్తకులు దానిని ‘బిమ్లీ జూటు’ అని పిలిచిరి. వంగదేశపు జనపనారకు ఇది తమ్ముడు. కొంత ముతక, కొంత చవుక. స్కాట్లండులోని డండీ నగరమున వంగదేశపు నారను తిమింగిలపు నూనెతో మెత్తబరచి నేయు విద్య పందొమ్మిదవ శతాబ్దమున వృద్ధిచెంది, ఆ నూరేండ్లలోనే హుగ్లీ తీరమునకు తరలివచ్చి, అటుపిమ్మట కలకత్తాలోని మెక్లియడ్ కంపెనీవారి పాలనలో మన నెల్లిమర్లకును, గోస్తనీ తీరమునందలి చిట్టివలసకును చేరినది. చేనునకు సమీపమున మిల్లు, మిల్లునకు సమీపమున రైలు. వర్తకుని లెక్క అంతే. కూలివాని లెక్క వేరు. వాడు చేనిని పూర్తిగా విడువక, మిల్లును పూర్తిగా నమ్మక, రెంటినడుమ ఒక కాలు అటు ఒక కాలు ఇటు వేసి నిలిచెను. ఆ నిలుకడలోనే అతని బిడ్డల బాల్యమంతయు గడచినదని నా అభిప్రాయము. బొంబాయి, కాన్పూరు మిల్లుపేటలను చూచిన కన్నులతో మన పేటలను చూచువారు ఈ భేదమును గమనింపరు.

పేటకు చేరినవారెవరు? జమీందారీ శిస్తులకు తాళలేక చేను పోగొట్టుకొన్న రైతులు, మగ్గము పడిపోయిన చేనేతవారు, తాటిచెట్టు మోకు విడిచినవారు, ఊరిలో చోటు దొరకని నిరుపేదలు. వీరితోపాటు, 1942 తరువాత, మరియొక జనసమూహము వచ్చి చేరినది. ఆ రోజులలో శ్రీకాకుళపు పల్లెలలో రంగము, అనగా రంగూను, పోని మగవాడున్న ఇల్లు అరుదు. కళింగపట్నము, భీమునిపట్నము రేవులలో పొగయోడ లెక్కి రంగూను చేరి, అక్కడి ధాన్యపు మిల్లులలోను ఓడరేవులోను బరువులు మోసి, ఇంటికి డబ్బు పంపుట తరతరముల ఆనవాయితీ. 1930లో రేవు కూలీల సమ్మె సందర్భమున బర్మావారికిని మనవారికిని రక్తపాతము జరిగినను ఆ రాకపోకలు ఆగలేదు. 1941 డిసెంబరులో జపానువారి బాంబులు రంగూనుపై పడినప్పుడు మాత్రము ఆ దారి తెగిపోయెను. అరకాను కొండల మీదుగాను, అస్సాము అడవుల మీదుగాను నడచి, చచ్చినవారు చావగా మిగిలినవారు స్వగ్రామములకు చేరి, అచ్చట పని లేక మిల్లు గేటువద్ద నిలుచుండిరి. మా లైనులో ఒక ముసలి తాత ఉండెడివాడు. పిల్లలను చుట్టు కూర్చుండబెట్టుకొని బర్మా మాటలలో ఒకటి రెండు లెక్కపెట్టి చూపెడివాడు. కాని నడచివచ్చిన దారిని గూర్చి ఎవరేమి అడిగినను “ఆ ఊసు మనకొద్దు బావూ” అని చుట్ట ముట్టించుకొనెడివాడు. పాఠశాలలో మాకు భూగోళము చెప్పక పూర్వమే ఇరావతీనది పేరు తెలియుటకు కారణ మీ తాతలే.

లైనులనగా ఒకే కప్పు క్రింద వరుసగా గదులు; గదికొక కుటుంబము, ముందొక అరుగు, వీధి చివర ఒక కుళాయి. లైనులలో చోటు దొరకనివారు దాపుననే తాటాకు పాకలు వేసికొనిరి. ఇంకెందరో చుట్టుప్రక్కల గ్రామములనుండి దినదినము నడచి వచ్చెడివారు. పల్లెలో కోడికూత ప్రొద్దు చెప్పును. మాకు మిల్లు కూత చెప్పెడిది. మొదటి కూతకు పొయ్యి రాజవలెను, రెండవ కూతకు మనిషి వీధిలో ఉండవలెను, మూడవ కూతకు గేటులోపల ఉండవలెను, లేనిచో ఆ పూట కూలి లేదు. చీకటితోనే మా అమ్మ “నెగండర్రా, రెండో కూత కూడా అయిపోనాది; మీ అయ్యకి సద్ది ఎవులు అట్టుకెల్తారు?” అని కేకవేయగా, చోడి అంబలి గిన్నెపై ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పెట్టి, గుడ్డతో ముడివేసి, ఇంటికొక గుంటడు గేటువైపు పరుగెత్తుట నిత్యకృత్యము. పల్లెలోని మా యీడు పిల్లలకు గంట యనగా గుడిగంట. ఆరు కొట్టుటకు, ఆరుంబావునకు నడుమ ఎంత వ్యత్యాసమో మా కాలిమడమలకు తెలియును. ఈ ప్రాంతపు పామరజనములో గడియారమునకు కట్టుబడి పెరిగిన తొలి తరమువారిలో మేము చేరుదుము. అట్లని ఇంటిలో గడియార ముండెనా యనగా, లేదు.

సాయంకాలము గేటు తెరచినప్పుడు వెలికివచ్చు జనమును చూడవలెను. తలలు, కనుబొమలు, మీసములు, చెవులలోని వెండ్రుకలు సహా అన్నియు నారధూళిచే ఎరుపుగలసిన తెలుపై, ఇరువదియేండ్ల యువకుడును అరువదియేండ్ల వృద్ధుడును ఒక్క వయస్సువారివలె కనిపించెడివారు. మా నాన్న అరుగుమీద కూర్చుండి తువ్వాలు విదిలించినచో గాలిలో పోగులు ఎగిరెడివి. ఆయన చేతులకు నార మెత్తబరచు నూనెవాసన సబ్బునకు లొంగనిది, సంక్రాంతి తలంట్లకు గూడ పూర్తిగా విడువనిది. నారను నూనెతోను నీటితోను తడిపి కొన్నినాళ్లు కుప్పవేసి మాగనిచ్చి, దువ్వు యంత్రములలో దువ్వి, సాగదీసి, వడికి, కండెలకు చుట్టి, నేసి, నున్నజేసి, కత్తిరించి కుట్టుట ఆ మిల్లు పని. దువ్వు యంత్రములవద్ద పనిచేసినవారికి దగ్గు ముందుగా వచ్చును. ఆ దగ్గు వినికిడినిబట్టియే గోడ అవతల ఎవరు మేల్కొనిరో మేము చెప్పగలిగెడివారము. సంచుల అంచులు కుట్టు పనిలో ఆడువారుండిరి. దబ్బనముతో ముతక గోనెను గ్రుచ్చి గ్రుచ్చి వారి బొటనవ్రేళ్ల చర్మము కొమ్మువలె గట్టిపడెడిది. డండీలో మిల్లు కూలీలలో అధికసంఖ్యాకులు స్త్రీలేయనియు, భర్తలు ఇంట కూర్చుండి వంట చూచుకొనెడివారనియు పిమ్మట చదివినప్పుడు, ఆ సంగతి మా పేట ఆడువారితో చెప్పియున్నచో ఎట్లు నవ్వియుందురో అని అనుకొంటిని.

మిల్లు మాకు గడియారము నేర్పినను, భాద్రపద ఆశ్వయుజములు వచ్చుసరికి చేను తిరిగి మమ్ము లాగికొనెడిది. గోగు కోతల కాలమున అమ్మమ్మ ఊరినుండి మేనమామ రాకతప్పదు, పిల్లలను తీసికొని పోకతప్పదు. కోసిన గోగును కట్టలుగట్టి, ఆకు రాలువరకు చేనిలోనే నిలువబెట్టి, చెరువులో వరుసలుగా పేర్చి, పైన మట్టిపెళ్లలును రాళ్లును ఎత్తి రెండు మూడు వారములు ఊరవేయుదురు. చెరువునీరు నల్లనై, చేపలు వెల్లకిలబడి, ఆ కుళ్లువాసన మైలుదూరము వ్యాపించును. పరదేశి ముక్కు మూసికొని పోవును గాని మాకది పండుగ రాబోవుచున్నదన్న వాసన. ఊరిన కట్టను పెద్దలు నడుములోతు నీటిలో నిలిచి విప్పుదురు. కాడ మొదలు మోకాలికి తాటించి, అడుగునుండి జానెడు విరిచి, ఊడిన నారను గుప్పిట చుట్టుకొని ఒక్క ఊపున లాగినచో తెల్లని పుల్ల జారి నీటిపై తేలును, చేతిలో పొడవైన నార నిలుచును. ఆ ఒడుపు పట్టుబడక నావంటివారు లాగిన నార నడుమ తెగిపోవును, పుల్ల ముక్కలగును. అందుచేత మాకప్పగించిన పని తేలిన పుల్లలను ఏరి గట్టున ఎండబెట్టుట. ఆ పుల్లలే ఏడాదికి పొయ్యిలోనికి, దడికి, మా ఆటలకు. తుమ్మముళ్లతో గ్రుచ్చి బండ్లు చేసెడివారము, కత్తులు చేసెడివారము. మిల్లులో విరిగి పారవేసిన కండెలు దొరికినచో ఆ బండ్లకు చక్రములు అమరెడివి. పల్లెపిల్లల బండ్లకు చక్రములు లేవు. ఆ ఒక్క విషయమున మాదే పైచేయి. బడిపంతులుగారు ఆ దినములలో హాజరుపట్టీ తెరచి నిట్టూర్పు విడిచెడివారు.

యుద్ధ మాగినను యుద్ధకాలపు నియమములు ఆగలేదు. బియ్యము, చక్కెర, కిరసనాయిలు, గుడ్డ, అన్నియు కంట్రోలు. కార్డు లేనిదే గింజ లేదు. కంట్రోలు బియ్యములో రాళ్లు ఏరుట ఇంటిలోని ఆడపిల్లల పని, వరుసలో నిలుచుట మగపిల్లల పని. తండ్రి గోనెలు నేయువాడైనను, గోనెసంచి పట్టునంత ధాన్యము కొనుటకు ఇంటిలో సొమ్ము ఉండెడిది కాదు. సోల తవ్వలతోనే సంసారము సాగెడిది. బియ్యము చాలనప్పుడు గంటె అన్నము, అదియు లేనప్పుడు అంబలి. ఇది మనకే ప్రత్యేకమని చిన్ననాట తలచితిమి. యుద్ధములో గెలిచిన ఇంగ్లండులోనే మిఠాయిలపై రేషను 1953 ఫిబ్రవరి వరకును, మాంసముపై 1954 జులై వరకును నడచినదనియు, అక్కడి మిల్లుపేటల పిల్లలు గూడ కార్డు చేతబట్టి వరుసలలో నిలిచిరనియు తెలియువరకు మాకు దొరలయెడ ఉన్న అసూయ పోలేదు. మదరాసు రాష్ట్రములో 1952 జూనున రాజగోపాలాచారిగారు ఆహారధాన్యముల కంట్రోలు ఎత్తివేసినప్పుడు, ధరలు పెరుగునని పెద్దలు కలవరపడిరి. వరుసలో నిలుచు పని తప్పినదని మేము గంతులు వేసితిమి.

కంట్రోలుకంటె ఘనమైన సంగతి దేశవిభజనము. 1947లో గీసిన ఆ గీతవలన జూటుమిల్లులన్నియు ఇండియాలోను, మేలైన జనుము పండు భూములలో అధికభాగము తూర్పు పాకిస్థానులోను పడెను. 1949 సెప్టెంబరులో ఇండియా రూపాయి విలువ తగ్గింపగా పాకిస్థాను తగ్గింపకపోవుటతో వర్తకమే స్తంభించెను. కలకత్తా మిల్లులు నారకై దిక్కులు చూచిన ఆ ఘడియలో, అంతవరకు ముతకదని తక్కువచూపు చూచిన మన గోగునకు గిరాకి వచ్చెను. నార దళారులు పల్లెలకు వచ్చి చేనిలోనే బేరమాడిరి. మెట్టభూమిలో చోడి, గంటె తగ్గి గోగు హెచ్చెను. మా మేనమామ ఆ ఏట ఒక జత ఎడ్లు కొనెను, నాకొక చొక్కా కుట్టించెను. ఢిల్లీలోను కరాచీలోను జరిగిన తీర్మానము మా వంటిమీదికి ఎట్లు వచ్చినదో ఆ వయస్సున ఎవరికి తెలియును? చొక్కా మాత్రము భుజములవద్ద బిగువుగా నుండెను.

ఆ కాలముననే మా బాల్యమునకు పొలిమేర గీచిన మరియొక శాసనము వచ్చినది. పూర్వపు చట్టము పండ్రెండేండ్లు నిండిన బాలుని సగము దినము మిల్లులో పనిచేయనిచ్చెడిది. డండీలోనైతే సగము దినము మిల్లు, సగము దినము బడి అను పద్ధతి చిరకాలము నడచినది. 1948 ఫ్యాక్టరీల చట్టము, మరుసటి ఏప్రిలు ఒకటినుండి అమలులోనికి వచ్చి, పదునాలుగేండ్లు నిండనివానికి గేటు మూసెను. పెద్దలకు వారమునకు 48 గంటల పనియని నిర్ణయించెను. దొరతనమువారు మేలే చేసిరి. కాని పేటలో ఆ మేలును మేలుగా తలచినవారు కొందరే. పండ్రెండేండ్లవాని కూలి నమ్ముకొన్న ఇంటిలో అది రెండేండ్ల ఆకలి. జాతకములు లేని పిల్లల వయస్సును డాక్టరు పండ్లు చూచి, మీసము నూగు చూచి నిర్ణయించవలసి యుండుటచేత, “తుపానేటిలో పుట్టినాడు” వంటి లెక్కలు చెప్పి ఒకటి రెండేండ్లు కలిపిన తల్లులుండిరి. మాలో గట్టిగా చదివినవాడొకడు హైస్కూలు చదువునకు విజయనగరము నడచిపోయెను. మిగిలినవారు పదునాలుగేండ్లకై ఎదురుచూచుచు గోటీబిళ్ల ఆడిరి. బాల్యము దీర్ఘమైనది, చదువు దీర్ఘము కాలేదు.

ఆటపాటల విషయము కొంత చెప్పకున్న అన్యాయము. గోలీలు, చెడుగుడు, తొక్కుడుబిళ్ల అంతట ఉన్నవే. శివరాత్రికి రామతీర్థపు జాతర మా ఏటి పండుగ. రామస్వామి కొలువున్న చోట శివరాత్రి జాతర ఏమని వాదించు పండితులను మేమెరుగము, ఖర్జూరములను రంగులరాట్నమును ఎరుగుదుము. కళ్లము పనులు ముగిసిన వెన్నెల రాత్రులలో పల్లెలనుండి తప్పెటగుళ్లవారు వచ్చి, రొమ్మున కట్టిన తప్పెట వాయించుచు, కాళ్ల గజ్జెలు ఘల్లుమన ఎగిరి తిరిగెడివారు. జముకుల కథలు తెల్లవారుదాక సాగెడివి. ఎర్రజెండా సంఘమువారి బుర్రకథలు గూడ వినినాము. మందసా జమీనులో 1940 ఏప్రిలు ఒకటిన తుపాకిగుండ్లకు బలియైన గున్నమ్మ కథను మాకు చెప్పినది పాఠ్యపుస్తకము కాదు. ఇక టూరింగు టాకీసు డేరా దిగినదన్నచో పేటలో ఎవరి కాలును నిలువదు. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’ మా పేటకు ఆలస్యముగానే వచ్చినది గాని, అటుపిమ్మట కొన్ని మాసములపాటు గోగుపుల్ల పట్టిన ప్రతివాడును తోటరాముడే.

సమ్మె యనునది పేట పిల్లలకు సెలవువంటిది. కాని ఎన్నినాళ్ల సెలవో తెలియనిది. కూత ఆగినచో ఆ నిశ్శబ్దమునకు తెల్లవారుజామున మెలకువ వచ్చెడిది. మొదటి వారము పెద్దలు గేటువద్ద కూర్చుండి ఉపన్యాసములు వినెడివారు. రెండవ వారము కోమటి దుకాణములో అప్పు ఆగును. మూడవ వారము ఒక్కొక్క గదికి తాళము పడును. తాళమువేసి ఎక్కడికి పోయిరనగా అత్తవారి ఊరికో, అమ్మమ్మ ఊరికో, కోతలు జరుగుచోటికో. పూర్ణముగా నగరమున పాతుకొనిపోయిన కూలివానికి ఈ ఆసరా లేదు. మన కూలివాడు దీర్ఘకాలము సమ్మె కట్టగలిగినది పల్లెలోని చోడిగింజల బలముననే. సంఘము ఏళ్లతరబడి గట్టిగా నిలువకపోవుటకు గూడ ఆ పల్లెదారియే కారణము. నాయకులు ఈ రెండవదానిని గూర్చి విసుగుకొనెడివారు, మొదటిదానిని మరచెడివారు.

1950 ఆగస్టు 15న శ్రీకాకుళము ప్రత్యేక జిల్లాయైనది. 1953లో ఆంధ్రరాష్ట్రము, 1979 జూనులో విజయనగరము జిల్లా వచ్చెను. అణాలు పోయి 1957లో నయాపైసలు వచ్చినప్పుడు పేటలో జరిగిన తగవులను చెప్పిన నవ్వు వచ్చును: అణాకు ఆరు నయాపైసలేనని, కాదని, దుకాణదారునకును ముసలమ్మలకును నిత్యకలహము. మిల్లు మాత్రము అదే కూత కూసెను. దాని ఊపిరిని బిగించినది ప్లాస్టిక్కు సంచి. ఎరువు, సిమెంటు మొదట, తదుపరి ధాన్యము, గోనెను విడిచి ఆ సంచిలో దూరుచుండగా, కొన్ని సరకులను జూటు సంచులలోనే కట్టవలెనని 1987లో పార్లమెంటు చట్టము చేసినది గనుకనే ఈ పరిశ్రమ ఆ మాత్రము నిలిచినది. 1994 జనవరిలో నెల్లిమర్లలో పోలీసు కాల్పులు జరిగి కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. చిట్టివలస మిల్లు 2009లో మూతపడెను.

నా యీడువారిలో పదవీవిరమణ చేసినవారు పెక్కురు గ్రాట్యుటీ సొమ్ముతో స్వగ్రామమున పెంకుటిల్లు బాగుచేయించుకొనిరి, కొందరు కౌలుకు నేల పట్టి రెండు మూడేండ్లు గోగే వేసిరి. నార తీయుటకు కూలీలు దొరకక, చెరువులో ఊరవేయుటకు చేపల పాటదారులు ఒప్పుకొనక, మొక్కజొన్నకు మరలిరి. వారి కొడుకులు లైనులలోనే పుట్టి, అమ్మమ్మ ఊరిలో చేను చూడకనే పెరిగినవారు. మిల్లు పని తగ్గినప్పుడు వారు పల్లెకు పోలేదు, విశాఖపట్నము, హైదరాబాదు, మదరాసులలో ఇండ్ల కట్టుబడి పనులకు రైలెక్కిరి. వారి తాతలు ఓడ ఎక్కిన కళింగపట్నమున ఇప్పుడు రేవు లేదు. నెల్లిమర్ల స్టేషనులో ప్యాసింజరు మాత్రము ఆగుచున్నది.